ఏడేళ్ళ వారంటీ, ఒక శుక్రవారం సెలవు

కువైట్‌లోని అబ్బాసియాలో మా భవనం కింద ఒక కిరాణా కొట్టు ఉంది. దాని అద్దాల తలుపు నిండా కాగితాలు అతికించి ఉంటాయి. గదిలో ఒక మంచం ఖాళీ, ఇంటి వంట క్యారియర్లు, పిల్లలకు లెక్కల ట్యూషన్, అమ్మకానికి కారు. పాల ప్యాకెట్టు కోసం కిందికి దిగినప్పుడల్లా ఆ కాగితాలన్నీ చదవడం నాకు అలవాటు. రాజమండ్రిలో ఒక దినపత్రిక డెస్కులో ఇరవై ఏళ్ళకు పైగా పనిచేసినవాణ్ణి. కళ్ళ ముందు అక్షరం కనబడితే చదవకుండా వదలలేను. ఇక్కడ ఒక చిన్న ప్రింటింగ్ ప్రెస్సులో ప్రూఫులు చూస్తున్నాను కాబట్టి ఆ జబ్బు నయమయ్యే దారి కూడా లేదు.

కార్ల కాగితాల్లో ఒక సంగతి నాకు ఆలస్యంగా తట్టింది. దాదాపు అన్నీ దేశం వదిలి వెళ్ళిపోయేవాళ్ళు రాసినవే. వారంటీ ఇంకా మూడేళ్ళుందని ఒకరు, నాలుగున్నరేళ్ళుందని ఇంకొకరు. కొనేవాళ్ళు ఆ అంకె చూసే ఫోన్ చేస్తారు. నేను మాత్రం దాన్ని వేరేగా చదివేవాణ్ణి. ఆ మనిషి ఇక్కడ ఉంటాననుకుని, ఉండలేకపోయిన కాలం అది.

మా ఎదురు గదిలో నలుగురు ఉండేవాళ్ళు. అందరూ కడప వైపు నుంచి వచ్చినవాళ్ళే. వాళ్ళలో ఒకతను ఏసీ మెకానిక్కు. నలభై దాటిన మనిషి, నెమ్మదస్తుడు, కరెంటు పని ఏదైనా చేత్తో ముట్టుకుంటే దారికి వచ్చేది. నన్ను పేపరన్నా అని పిలిచేవాడు. అతని భార్య సాల్మియాలో ఒక కువైటీ ఇంట్లో పనిచేసేది. కూతురు ఊళ్ళో హాస్టల్లో ఉండి తొమ్మిదో తరగతి చదివేది. మొగుడూ పెళ్ళాలు ఒకే దేశంలో ఉన్నా కలుసుకునేది శుక్రవారం మాత్రమే. ఉదయం తొమ్మిదింటికి ఆమె గేటు దాటవచ్చు. సాయంత్రం ఆరింటికల్లా గేటు లోపల ఉండాలి. ఆ ఇంటి యజమానురాలు పెట్టిన షరతు అది. పనివాళ్ళంతా ఆవిణ్ణి మామా అంటారు. ఒకసారి బస్సు దొరక్క పావుగంట ఆలస్యమైతే, మళ్ళీ ఇలా జరిగితే ఖలాస్ అని వేలు చూపించి చెప్పిందట.

శుక్రవారం మిగతా ముగ్గురూ గది ఖాళీ చేసేవాళ్ళు. ఎవరూ చెప్పనక్కరలేదు. పదింటికల్లా స్నానాలు ముగించుకుని, పక్కబట్టలు మడిచిపెట్టి, చెప్పులు బయట కనబడకుండా తీసేసి నా గదికి వచ్చి కూర్చునేవాళ్ళు. పేకాట ఆడేవాళ్ళు, నిద్రపోయేవాళ్ళు, ఊరికి వీడియో కాల్ చేసేవాళ్ళు. పెళ్ళయినవాళ్ళు ఉండే బ్యాచిలర్ గదుల్లో ఇది మామూలే. కానీ ఆ జంటకు ఆ ఖాళీ గదిలో దొరికే సమయం తక్కువ. అతను బస్సులో సాల్మియా వెళ్ళాలి, ఆమెను తీసుకుని రావాలి, మళ్ళీ దింపాలి, తిరిగి రావాలి. ఒక్కదాన్నే బస్సెక్కించడానికి మామా ఒప్పుకోదు. తొమ్మిది గంటల సెలవులో సగం ఎండలో బస్టాపుల్లోనే పోయేది.

అందుకే కారు కొనాలనుకున్నాడు. కంపెనీ వ్యాను నడపడానికి తీసిన లైసెన్సు ఉంది. గదిలోవాళ్ళంతా పాత బండి తీసుకోమన్నారు. కిరాణా తలుపు మీద సగానికి సగం ధరకు మంచి బళ్ళు ఉన్నాయి.

"ఎవురో వాడి సూసిన బండి కదప్పా, దాని రోగాలన్నీ బయటపడే ఉంటాయి" అన్నాడు వాళ్ళలో పెద్దవాడు.

"అది యాడ నిలబడుతాదో ఎవురికి తెలుసు? మామా ఇంటి ముందర బానెట్ ఎత్తుకోని నిలబడితే నా మర్యాద ఏం కావాల?" అన్నాడు ఇతను. "కొత్తదానికి ఏడేండ్లు వారంటీ ఇస్తాండారు."

"పెండ్లికి గూడా ఇచ్చింటే బాగుండునే! నా దానికి ఏడు నెలలు గూడా పని చెయ్యల్యా" అన్నాడు మూడోవాడు. గదంతా నవ్వింది. అతను కూడా నవ్వాడు కానీ మాట మీద నుంచి కదల్లేదు.

ఒక శనివారం నన్ను వెంటబెట్టుకుని షోరూముకి వెళ్ళాడు. చిన్న అక్షరాలు చదవడానికి నేనుండాలట. అక్కడ అమ్మే కుర్రాడు హైదరాబాదు వాడు. మేం తెలుగువాళ్ళమని తెలిసి టీ తెప్పించాడు.

"ఏడు సంవత్సరాలు అన్నా. ఇంజను, గేరుబాక్సు, కరెంటు సామాన్లు, అన్నీ. మీరు ఫికర్ చెయ్యకుండ్రి."

"ఏడేండ్లంటే అన్ని దినాలూ ఉంటాదా? శుక్రారం గూడా?"

కుర్రాడు నవ్వాడు. "వారంటీకి సెలవు ఉంటదా అన్నా? శుక్రవారం వర్కుషాపు బంద్ ఉంటది. గానీ రోడ్డు మీద ఆగితే ఫోన్ కొట్టుండ్రి, లారీ వస్తది, ఎత్తుకపోతది."

"మాది శుక్రారం బండిలే. మిగిలిన ఆరు దినాలు పండుకున్నా పరవాల్యా."

లారీ వస్తుందన్న మాట అతను విన్నాడు. వర్కుషాపు మూసి ఉంటుందన్న మాట నేను విన్నాను. ఇద్దరం పక్కపక్కనే కూర్చున్నాం.

తిరిగి వస్తూ బస్సులో అతను చెప్పింది నాకు ఇప్పటికీ గుర్తుంది. "ఈడ ఉండేదానికి ఇఖామా ఏడాదికోసారి కొట్టిచ్చుకోవల్ల. గది బాడుగ నెలకోసారి. కంపెనీవోడు ఎప్పుడు పొమ్మంటాడో తెలీదు. ఈ దేశంలో మనకు ఏడేండ్లు రాసిచ్చినోడు ఇంగొకడు ఉన్నాడా అన్నా? అప్పటికి పాప చదువు గూడా అయిపోతాది. ఆ దినం బండి అమ్మేసి ఇద్దరం ఒకే విమానంలో పోతాం."

"వారంటీ అంటే చెడిపోదని కాదు. చెడిపోతే బాగుచేస్తామని" అన్నాను.

"అంత ధైర్యంగా రాసిస్తాండారంటే చెడిపోదనే కదన్నా. రెండూ ఒకటే."

రెండూ ఒకటి కావని నేను వాదించలేదు. కొనాలని నిశ్చయించుకున్న మనిషి మొహంలో వెలుగు మీద నీళ్ళు చల్లడం ఎందుకనిపించింది.

బండి చేతికి రాకముందే వారంటీ పుస్తకం తెచ్చి నాకిచ్చాడు. అరవై పేజీలకు పైగా ఉంది. రెండు రాత్రులు కూర్చుని మొత్తం చదివాను. ప్రూఫు చదివినట్టే, ముఖ్యమైన చోట పెన్సిలుతో పక్కన చిన్న గీత పెట్టుకుంటూ చదివాను. తరువాత అతన్ని కూర్చోబెట్టి చెప్పాను. సర్వీసు వాళ్ళ దగ్గరే చేయించాలి, గడువు దాటకూడదు, పుస్తకంలో స్టాంపు వేయించుకోవాలి. అతను శ్రద్ధగా విని గడువు తేదీలు ఫోన్లో పెట్టుకున్నాడు. పుస్తకంలో ఇంకో గీత కూడా ఉంది. బండి వైరింగుకు బయటి వైరు ఏదైనా కలిపితే కరెంటు సామాన్లకు వారంటీ చెల్లదని రాసిన చోట. అది చెప్పలేదు. అతను బండికి పాటల పెట్టెలు బిగించే రకం కాదు కదా అనుకున్నాను.

మొదటి శుక్రవారం భవనం వెనక ఇసుక స్థలంలో బండికి పూజ చేశారు. ఆమె బానెట్ మీద పసుపు రాసి కుంకుమ పెట్టింది. నాలుగు చక్రాల కింద నాలుగు నిమ్మకాయలు. కర్పూరం ఒక స్టీలు పళ్ళెంలో వెలిగించి, ఎవరైనా చూస్తారేమోనని తొందరగా తిప్పి ఆర్పేశారు. ఆమె సన్నగా, పొట్టిగా ఉండేది. మాట తక్కువ. వారమంతా దాచుకున్న సంతోషం ఆ రోజు ఆమె చేతుల్లో కనబడింది. సంచీలోంచి ఒక పొట్లం తీసి విప్పింది. ఊరికి వెళ్ళొచ్చిన వాళ్ళ చేత తిరుపతి నుంచి తెప్పించిన వేంకటేశ్వర స్వామి చిన్న విగ్రహం. పాదాల దగ్గర ఎర్రని బుల్లి దీపం. దానికి వెనక రెండు వైర్లు వేలాడుతున్నాయి.

"ఇది ఆరకుండా ఉండల్ల" అంది భర్తతో. "నువ్వు ఒక్కడివే వచ్చేటప్పుడు గూడా."

అతను టెస్టరు, కటింగ్ ప్లయరు తెచ్చుకున్నాడు. స్టీరింగు కింద ప్లాస్టిక్ మూత ఊడదీసి, తల లోపలికి పెట్టి, ఫ్యూజుల పెట్టె దగ్గర ఒక వైరు చర్మం గీరాడు. నేను తెరిచిన తలుపు పక్కనే నిలబడి ఉన్నాను. పెన్సిలు గీత నా కళ్ళ ముందుకు వచ్చింది. సిగరెట్ లైటరు సాకెట్టులో గుచ్చే ప్లగ్గు ఒకటి కింద ఫ్యాన్సీ షాపులో దొరుకుతుంది. ఆ ఒక్క మాట చెబితే చాలు. నోటిదాకా వచ్చింది.

దీపం వెలిగింది. ఆమె చెంపలు వేసుకుంది. నేను ఊరుకున్నాను.

దేవుడి దీపం కలుపుతుంటే అడ్డం మాట్లాడటం అశుభమని వాళ్ళు అనుకుంటారేమోనని ఊరుకున్నానని చాలాకాలం నాకు నేను చెప్పుకున్నాను. అది పూర్తి నిజం కాదు. డెస్కులో ఉన్నప్పుడు ఎడిషన్ టైము దగ్గరపడితే, ఒక వాక్యం మీద అనుమానం వచ్చినా పేజీ వదిలేసేవాళ్ళం. ఆపితే అందరి మొహాలూ మన వైపు తిరుగుతాయి. ఆపకపోతే చాలాసార్లు ఏమీ కాదు. ఆ చాలాసార్లు మీదే నేను ఉద్యోగం చేశాను. తరువాతి వారం చెబుదామనుకున్నాను. ఆ తరువాత ఎప్పుడో అనుకోవడం కూడా మానేశాను.

ఏడాదికి పైగా ఆ బండి ఒక్క శుక్రవారం కూడా మాట తప్పలేదు. అరగంటలో ఆమె అబ్బాసియాలో ఉండేది. సంగటి, వాళ్ళు చెనిగ్గింజల ఊరిబిండి అనే వేరుశనగ పచ్చడి చేసి మా గదికి కూడా పంపేది. చలికాలంలో ఒకసారి దింపడానికి వెళ్తూ నన్ను కూడా ఎక్కించుకున్నారు. టైముందని సాల్మియాలో సముద్రం ఒడ్డున బండి ఆపాడు. నీళ్ళు చూద్దాం రమ్మంటాడనుకున్నాను. అతను ఆమె సీటు వెనక్కి వాల్చాడు. ఆమె అలాగే కళ్ళు మూసుకుని నిద్రపోయింది.

"ఆ ఇంట్లో పండుకునేసరికి పన్నెండు దాటుతాదంట అన్నా" అన్నాడు గొంతు తగ్గించి. "ఈ నిద్ర కోసమే కొన్యా బండి."

రెండో ఎండాకాలంలో ఒక శుక్రవారం సాయంత్రం ఐదున్నరకు అతని దగ్గర నుంచి ఫోన్ వచ్చింది.

"బండి ఆగిపాయన్నా. రింగు రోడ్డు మీద."

"ఆమె?"

"ఈడనే ఉండాది."

"టాక్సీ ఎక్కించు ముందు."

"కారు కంపెనీకి ఫోన్ చేసినా. ఇరవై నిమిషాలల్లో వస్తాం అన్యారు. ఇంగ వస్తాంటారులే."

"వాళ్ళు వచ్చి బండిని తీసుకుపోతారయ్యా, మిమ్మల్ని కాదు. టాక్సీ చూడు."

"ఏడేండ్లు రాసిచ్చినోళ్ళు అన్నా, రాకుండా ఎట్లుంటారు" అన్నాడు.

అతను మొండితనంతో అనలేదు, నమ్మకంతో అన్నాడు. నేను కింద టాక్సీ పట్టుకుని బయలుదేరాను. వెళ్ళేసరికి ఆరు దాటింది. లారీ ఇంకా రాలేదు. పెద్ద రోడ్డు పక్కన, దారి చూపించే బోర్డు నీడలో ఆమె నిలబడి ఉంది. చేతిలో టిఫిన్ డబ్బా. ముఖం ఎర్రగా కందిపోయింది. అతను ఫోన్ చెవికి పెట్టుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు. ఆమెను నా టాక్సీలోనే ఎక్కించాను. దారిలో ఒక్కసారే మాట్లాడింది.

"బండి ఆగిపాయ కానీ స్వామి దీపం ఆరల్యా అన్నా. వెలగతానే ఉండాది."

నేను డ్రైవరును తొందరపెట్టాను.

ఆమె గేటు దగ్గర దిగేసరికి ఏడు కావస్తోంది. మామా తలుపు దగ్గరే నిలబడి ఉంది. కేకలు వేయలేదు. ఆమె చేతిలోంచి టిఫిన్ డబ్బా తీసుకుని, మూత తెరిచి చూసి, తిరిగి ఇచ్చింది. "ఖలాస్. జుమా మాఫీ" అంది. శుక్రవారం ఇక లేదని. తలుపు మూసుకుంది.

మరునాడు వర్కుషాపుకి నేనూ వెళ్ళాను. అక్కడి సూపర్‌వైజరు కేరళ మనిషి. మర్యాదగానే మాట్లాడాడు. బండిలోని కంప్యూటరు పెట్టె కాలిపోయిందన్నాడు. స్టీరింగు కింద మూత తీయించి, టార్చి వేసి, ఆ వైరును ఫోన్‌తో ఫొటో తీసుకున్నాడు.

"ఈ దీపానికి పోయే కరెంటు ఎంత సార్! దోమంత" అన్నాడు మావాడు హిందీలో. "ఇరవై ఏండ్ల నుంచి ఇదే పని నాది. దీనివల్ల పెట్టె కాలదు."

"కాలకపోవచ్చు" అన్నాడు సూపర్‌వైజరు. "కానీ రాసి ఉంది."

డ్యాష్‌బోర్డు అరలోంచి వారంటీ పుస్తకం తీశాడు. పేజీలు తిప్పి, ఆ పేరా మీద వేలు పెట్టి, పుస్తకాన్ని మా వైపు తిప్పాడు. అతని వేలు పక్కనే నా పెన్సిలు గీత ఉంది. సన్నగా, నిటారుగా.

మావాడికి ఇంగ్లీషు చదవడం రాదు. గీత చూడటం వచ్చు. ఆ గీతలు పెట్టుకుంటూ నేను చదవడం అతను పక్కన కూర్చుని చూశాడు. చాలాసేపు దాన్నే చూశాడు. తరువాత నన్ను చూశాడు.

"దీన్ని సదివినావా అన్నా?"

"చదివాను."

"పూజకు ముందరా?"

"ముందరే."

పుస్తకం మూసి చంకలో పెట్టుకున్నాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సులో నా పక్కన సీటు ఖాళీగానే ఉన్నా వెనక్కి వెళ్ళి కూర్చున్నాడు.

ఆ వైరు వల్లే పెట్టె కాలిందో లేదో నాకు ఇప్పటికీ తెలియదు. తెలిసినా పెద్ద తేడా లేదు. వారంటీ చెల్లిందే అనుకున్నా, ఆ శుక్రవారం ఆ రోడ్డు మీద వాళ్ళు లారీ కోసం ఎదురుచూసేవాళ్ళే. ఈ ఆలోచన నాకు కొంత ఊరట ఇస్తుందని తెలిసి దాన్ని ఎక్కువ నమ్మను.

బండిని బయట షెడ్డులో బాగుచేయించాడు. అది నడిచింది. కానీ వెళ్ళే చోటు లేదు. మామాను బతిమాలడానికి ఆమె చేసిన ప్రయత్నాలేవీ పనిచేయలేదు. శుక్రవారాల్లో ఎదురు గది ముగ్గురూ ఎక్కడికీ వెళ్ళనక్కరలేదు. అయినా మొదటి రెండు వారాలు అలవాటుగా పదింటికి లేచి, పక్కబట్టలు మడిచి, ఏం చేయాలో తోచక అక్కడే కూర్చున్నారట. నా గదికి రాలేదు. ఏం తెలిసిందో, ఎంత తెలిసిందో నేను అడగలేదు.

బండి ఇసుక స్థలంలోనే ఉండేది. నెలలో దాని మీద దుమ్ము అట్టకట్టింది. అలా వదిలేసిన బళ్ళ మీద మున్సిపాలిటీవాళ్ళు స్టిక్కరు అంటిస్తారు, తీయకపోతే ఎత్తుకుపోతారు. ఒక ఉదయం అతను డ్యూటీకి వెళ్ళాక బకెట్టుతో కిందికి వెళ్ళి కడిగాను. అద్దంలోంచి దీపం కనబడింది. వెలుగుతోంది. బాగుచేయించాక మళ్ళీ అక్కడే కలిపాడన్నమాట. తరువాతి వారం కూడా కడిగాను. చూశాడో లేదో తెలియదు.

ఆ తరువాత శుక్రవారాల్లో బండి తొమ్మిదింటికి మళ్ళీ కదలడం మొదలైంది. పది దాటేసరికి తిరిగి వచ్చేది. ఆమె తొమ్మిదిన్నరకు చెత్త సంచీ పట్టుకుని వీధి చివర డబ్బా దాకా వస్తుందట. రెండు మూడు నిమిషాలు. ఈ మాట నాకు గదిలో పెద్దవాడు మెట్ల మీద చెప్పాడు.

మొన్న సాయంత్రం నా తలుపు తట్టి అతనే వచ్చాడు. నాలుగు నెలల తరువాత. చేతిలో వారంటీ పుస్తకం ఉంది. కూర్చోమన్నాను. కూర్చున్నాడు.

"సర్వీసు గడువు వచ్చింది. ఇంజనుకు, గేరుబాక్సుకు వారంటీ ఇంగా ఉండాది అన్యాడు ఆ కేరళాయన. అయిదేండ్లకు పైనే."

"బండి అమ్మేస్తావేమో అనుకున్నాను" అన్నాను.

"ఎట్ల అమ్ముతా? మామాకు రేపో మాపో మనసు మారితే? ఆ దినం బండి పలకల్ల కదా."

నేను పుస్తకం తీసుకుని సర్వీసు పేజీ కోసం తిప్పబోయాను. అతను చేయి అడ్డం పెట్టాడు.

"ఆడ కాదు. ముందర పేజీ నుంచి సదువు. తెలుగులో చెప్పు. ఈ తూరి ఒక్కటి గూడా ఇడిసిపెట్టాకు."

కళ్ళజోడు తుడుచుకున్నాను. మొదటి పేజీ నుంచి చదవడం మొదలుపెట్టాను. ఒక్కో వాక్యం చదివి, అర్థం చెప్పి, అతను ఊఁ అన్నాకే తరువాతి వాక్యానికి వెళ్ళాను. పెన్సిలు గీత ఉన్న పేజీ వచ్చింది. అది కూడా చదివాను, మొదటి నుంచి చివరిదాకా, గొంతు మార్చకుండా. అతను ఊఁ అన్నాడు.

"తరవాత?" అన్నాడు.